తెల్లవారితే ఆదివారం

ఈ నాలుగు మాటలూ రాసి పెట్టకపోతే చరిత్రకు అన్యాయం జరుగుతుంది. చరిత్ర అన్నది పెద్ద మాటే. అయినా గవర్నర్‌పేట గ్రంథాలయంలో చరిత్ర బీరువా పక్కన, ఫ్యాను గాలి తగలని కుర్చీలో ఇన్నేళ్లు కూర్చున్నవాడికి ఆ మాట వాడుకునే చనువు ఉంటుందని నా నమ్మకం.

మొన్న భవానీపురంలో మేనేజరుగారి సంతాపసభ జరిగింది. ఆయన సొంత కల్యాణమండపంలోనే, పెళ్లిళ్లకు వాడే ఎర్ర కుర్చీల్లోనే కూర్చున్నాం. మైకు అందుకున్న ఒక పెద్దమనిషి, "ఆయన పాతకాలపు మనిషండీ. చివరిదాకా కంప్యూటరు మొహం చూడలేదు. అంతా నోటిమాట మీదే నడిపించాడు" అన్నాడు. జనం తలలూపారు. నాకు ఒళ్లు మండింది. లేచి "అబద్ధం" అందామని సగం లేచాను కూడా. సరిగ్గా అప్పుడు నా జేబులో ఫోను కూసింది. తీసి చూస్తే తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో, అన్నీ పెద్దబడిలో, అంటే క్యాపిటల్స్‌లో, ఉన్న తెలుగు: 'సుబ్బారావు గారి అమ్మాయి పెళ్లిరోజు. ఫోన్ చెయ్యాలి.' ఎవరు కంప్యూటరు మొహమే చూడలేదని మైకులో చెబుతున్నారో ఆ మనిషే కొన్నేళ్ల కిందట కంప్యూటరులో తన చూపుడువేలితో కొట్టిన అక్షరాలవి. కీబోర్డు మీద పెద్దబడి మీట ఆయన నొక్కింది ఒకేసారి. మళ్లీ తియ్యలేదు.

సంతాపసభలో ఫోను కట్టెయ్యడం తెలియని మూర్ఖుణ్ణి చూసినట్టు అందరూ నా వైపు చూశారు. నేను సగం లేచినవాణ్ణి సగంలోనే కూర్చున్నాను. ఆ సభలో చెప్పలేనిది ఇక్కడ చెబుతున్నాను.

ఆయన పేరు రాయను. రాస్తే ముందు 'కీర్తిశేషులు' అని తగిలించాలి. శుభలేఖలు కొట్టుకుని బతికిన నా వేళ్లకు ఆ మాట ఆయన విషయంలో ఇంకా అలవాటు కాలేదు. రెండు కల్యాణమండపాలకు ఓనరు. ఒకటి భవానీపురంలో, ఇంకొకటి కొండపల్లి దారిలో. కాని ఓనరుగారూ అంటే పలికేవాడు కాదు. "ఓనరంటే అప్పుడప్పుడూ వచ్చేవాడండీ. మేనేజరంటే ఎప్పుడూ ఉండేవాడు" అనేవాడు. అలా ఊరందరికీ మేనేజరుగారయ్యాడు.

ఫోను ఎత్తితే "చెప్పండి, శుభం" అనేవాడు. అవతల వాళ్లు చెప్పేది వినక ముందే. ఒకసారి దూరపు చుట్టం పోయాడని కబురొస్తే అలాగే "శుభం" అనేసి, నాలుక కరుచుకుని, ఆ పూటంతా ఫోను ముట్టుకోలేదు. మర్నాడు మళ్లీ మామూలే. పెళ్లి రోజున మండపం గుమ్మంలో నిలబడి లోపలికొచ్చే మొహాల్ని చూసేవాడు కాదు, విడిచిన చెప్పుల్ని చూసేవాడు. చెప్పుల కుప్పని ఒకసారి తేరిపార చూసి, వంటశాల వైపు తిరిగి, "ఇంకో డేగిశా అన్నం దించండి" అనో, "పప్పు చాలు, ఇక పెట్టకండి" అనో కేకేసేవాడు. ఎప్పుడూ తప్పేది కాదు అని రాద్దామనుకున్నాను. ఒకసారి తప్పింది. ఆ కథే ఇది.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి, లేకపోతే నేను బాధపడతాను. మేనేజరుగారి ఆఫీసు గవర్నర్‌పేటలో మేడ మీద ఉండేది. కింద శుభలేఖల దుకాణంలో నేను కంప్యూటరు మీద అక్షరాలు కొట్టేవాణ్ణి. చదువు పదో తరగతితో ఆగింది. ఆ మిగిలినదంతా గ్రంథాలయంలోనే పూర్తి చేశానని నా వాదన. పూర్తి అంటే, అక్కడున్న పుస్తకాల్లో పేజీలు ఎంతవరకు ఉంటే అంతవరకు. రెండువేల సంవత్సరం దాటాక అక్కడికి నెట్‌వర్కుల మీద ఒక లావుపాటి పుస్తకం వచ్చింది. అది తీసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. దాన్ని అందరికీ కనపడేలా చంకలో పెట్టుకుని వీధిలో నడిచేవాణ్ణి. మేనేజరుగారి కంట పడాలనే నడిచానని ఎవరైనా అంటే కాదనను.

ఆయన నన్ను 'లైబ్రరీగారూ' అని పిలిచేవాడు. అందులో మర్యాద ఎంతో వెటకారం ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

"లైబ్రరీగారూ, నాకొక చిక్కుందండీ" అన్నాడు ఒకరోజు మెట్లు దిగి వచ్చి. "ఇక్కడ నేనూ బుకింగు తీసుకుంటాను. అక్కడ హాల్లో సరోజినిగారూ తీసుకుంటారు. మాటిచ్చే ముందు ఒకళ్లకొకళ్లు ఫోను చేసుకోవాలి. మంచి ముహూర్తాలప్పుడు ఆ ఫోను దొరకదు. ఒకే తారీఖు ఇద్దరికి ఇచ్చేస్తానేమోనని భయంగా ఉంటంది. ఇన్నేళ్లలో అలా జరగలేదు. జరిగితే మాత్రం ఈ కుర్చీలో కూర్చోను."

సరోజినిగారంటే భవానీపురం హాలు చూసుకునే ఆవిడ. తాళాలగుత్తి చప్పుడు ముందు, ఆవిడ తర్వాత వచ్చేవారు.

"మీ ఇద్దరికీ ఒకే క్యాలెండరు కనిపించేలా చేస్తే?" అన్నాను.

"గోడకి కొట్టిన క్యాలెండరు రెండు గోడల మీద ఎలా ఉంటదండీ?"

ఆ ప్రశ్న కోసమే నేను పుట్టినట్టు అనిపించింది. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి వివరించాను. ఉత్తరం రాస్తే పోస్టాఫీసులో ఒక పెట్టెలో పడుతుంది కదా. అలాగే మీ ఆఫీసులో ఒక కంప్యూటరును మెయిల్ సర్వరుగా పెడతాను. అందులో బుకింగులకని ఒక పెట్టె. మీరు మీ క్యాలెండరులో ఒక పెళ్లి ఎక్కిస్తే అది ఉత్తరంలా ఆ పెట్టెలో పడుతుంది. హాల్లో కంప్యూటరు ఫోను లైను మీద వచ్చి, పెట్టె తెరిచి, ఆ ఉత్తరం తెచ్చుకుని తన క్యాలెండరులో అతికించుకుంటుంది. అక్కడ రాసింది ఇక్కడికీ అలాగే వస్తుంది.

"మరి పోస్టుమేను?"

"ఉండడండీ."

"దసరా మామూలు మిగిలింది" అన్నాడు. అదే ఒప్పుకోవడం.

పాత విడిభాగాలు ఏరి సర్వరు కట్టాను. ఇత్తడి గంగాళాలు పెట్టే అర కింద దాన్ని పెట్టించాడు. మొదటిరోజు ప్రయోగం కోసం ఉదయం పది గంటల పెళ్లి ఒకటి ఎక్కించాం. భవానీపురం నుంచి సరోజినిగారు ఫోను చేశారు. "తెల్లారుజామున నాలుగున్నరకి పెళ్లేంటండీ? పురోహితుడైనా లేస్తాడా?" హాల్లోని కంప్యూటరు తాను గ్రీనిచ్‌లో ఉన్నాననుకుంటోంది. ఏ దేశపు గడియారమో చెప్పాల్సిన చోట నేను చెప్పలేదు. పుస్తకంలో ఆ అధ్యాయం ఎవరో చింపుకుపోయారు. నేను గ్రీనిచ్ రేఖ గురించి గంభీరంగా మొదలుపెట్టాను. మేనేజరుగారు చెయ్యెత్తి ఆపారు. "అది ఎక్కడుందనుకుంటే ఏం గానీ, దానికి భవానీపురంలో ఉన్నావని చెప్పండి చాలు."

చెప్పాను. ఆనాటి నుంచి అది బుద్ధిగా పనిచేసింది. ఆయన రోజూ వస్తూనే, "పోస్టాఫీసు లేచిందా?" అని అడిగేవాడు. మోడెము కీచుమంటుంటే చెవి ఒగ్గి, "మాట్లాడుకుంటన్నాయ్" అని మురిసిపోయేవాడు. ఎవరైనా అడ్వాన్సు ఇవ్వడానికొస్తే నన్ను టైపు చెయ్యనిచ్చేవాడు కాదు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, చూపుడువేలితో ఒక్కో అక్షరం కొడుతూ, ప్రతి అక్షరానికీ పెళ్లివాళ్ల వైపు చూసేవాడు. మేకు దిగిందా లేదా అని చూసే వడ్రంగిలాగా.

కైకలూరు వైపు చేపల చెరువులున్న సుబ్బారావుగారు వచ్చినరోజు నేను పక్కనే ఉన్నాను. ఆయన కూతురు సుభాషిణి పెళ్లి. చొక్కా జేబులోంచి లగ్నపత్రిక కాగితం తీసి, "శనివారం రాత్రి రెండు నలభైఏడండీ" అన్నారు. మేనేజరుగారు శనివారం గడి తెరిచి, రెండు నలభైఏడు కొట్టి, రాత్రి కాబట్టి పగటిది కాదని జాగ్రత్తగా చూసుకుని మీట నొక్కారు. ఆ సమయంలో నేనేం చేస్తున్నానయ్యా అంటే, సుబ్బారావుగారికి క్యాలెండరు చరిత్ర చెబుతున్నాను. పూర్వం ఐరోపాలో ఒక మతాధిపతి నెలలోంచి కొన్ని రోజులు ఎలా ఎత్తేశాడో, నిద్రపోయి లేచేసరికి జనానికి తారీఖు ఎలా మారిపోయిందో వర్ణిస్తున్నాను. ఆయన చేపల చెరువుకి నీరు పెట్టే వేళయిందన్నట్టు గుమ్మం వైపు చూస్తున్నారు.

మనకి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. అందుకే అర్ధరాత్రి దాటిన ముహూర్తాన్ని కూడా శనివారం రాత్రి అనే అంటాం. శుభలేఖలో పక్కన 'తెల్లవారితే ఆదివారం' అని వేస్తాం. కంప్యూటరుకి రోజు అర్ధరాత్రి మొదలవుతుంది. శనివారం రెండు నలభైఏడంటే దానికి శుక్రవారం పడుకున్న రాత్రి. వేల శుభలేఖల మీద 'తెల్లవారితే' అని కొట్టిన వేళ్లు నావి. సుభాషిణి శుభలేఖ మీద కూడా నేనే కొట్టాను. పై అంతస్తులో అదే పెళ్లి ఒకరోజు ముందుకి జరిగి కూర్చుందని నాకు తట్టనే లేదు. జ్ఞానం చంకలో ఉంటే బుర్రలోకి ఎక్కదు కాబోలు.

ఆ శుక్రవారం సాయంత్రం మండపం దేదీప్యమానంగా వెలిగిపోయింది. బంతిపూల తోరణాలు, జనరేటరు, వంటవాళ్లు, అన్నీ సిద్ధం. మేనేజరుగారు జరీ పంచె కట్టి పన్నీరు చల్లే బుడ్డి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. చెప్పులు విడిచేచోట ఒక్క జత లేదు. చివరికి సుబ్బారావుగారికి ఫోను చేశారు.

"ఏమండీ, ఇంకా బయల్దేరలేదా?"

"ఎక్కడికండీ?" అన్నారు సుబ్బారావుగారు. "ఇవాళ ఇక్కడ అమ్మాయిని పెళ్లికూతుర్ని చేస్తన్నాం. పెళ్లి రేపు రాత్రి కదా."

మేనేజరుగారు ఫోను పెట్టేశారు. శుభమని కూడా అనలేదట. సరోజినిగారు మెల్లగా చెప్పారు: "రేపు సాయంత్రం లెక్చరరుగారి అమ్మాయి పెళ్లండీ. ఎనిమిదింటి ముహూర్తం. క్యాలెండరులో శనివారం సాయంత్రం ఖాళీగా కనపడితే నేనే ఇచ్చాను."

ఒకే రాత్రి, ఒకే హాలు, ఇద్దరు పెళ్లికూతుళ్లు. కొండపల్లి దారిలోని హాలు ఎప్పుడో నిండిపోయింది. ఊళ్లో మిగతా హాళ్లకి ఫోను చేస్తే నవ్వారు. అలాంటి ముహూర్తానికి ముందురోజు హాలు అడిగేవాణ్ణి చూసి ఎవరైనా నవ్వుతారు.

నాకు కబురొచ్చింది. గవర్నర్‌పేటలోనే క్యాలెండరు తెరిచి, సుబ్బారావుగారి పెళ్లిని పట్టి శనివారం రాత్రికి జరిపాను. అంతటితో తప్పు సరిదిద్దాననుకున్నాను! స్కూటరు మీద హాలుకి వెళ్లేసరికి మేనేజరుగారు వేదిక మీద పెళ్లికొడుకు సింహాసనంలో కూర్చుని ఉన్నారు. పన్నీరు బుడ్డి ఒళ్లో ఉంది.

"కుర్చీలో కూర్చోనన్నాను కదండీ. ఇదే ఆఖరు" అన్నారు.

సరోజినిగారు కంగారులో అక్కడి కంప్యూటరులో అదే పెళ్లిని తనూ జరిపారు, తన లెక్క ప్రకారం ఆదివారం తెల్లవారుజాముకి. ఫోను లైను కలపగానే తెర మీద ఒక చిన్న పెట్టె లేచింది.

"ఏమంటంది?" అని అడిగారాయన, కళ్లు తెరవకుండానే.

"ఒకే కార్యక్రమాన్ని రెండుచోట్ల మార్చారంటోందండీ. ఇక్కడిది ఉంచాలా, అక్కడిది ఉంచాలా, రెండూ ఉంచాలా అని అడుగుతోంది."

కళ్లు తెరిచారు. "రెండూ ఉంచొచ్చా?"

"ఉంచొచ్చు గానీ, దాని భావం వేరండీ. సర్వరులో ఒక ప్రతి, స్థానికంగా ఒక ప్రతి ఉన్నప్పుడు..."

"లైబ్రరీగారూ, పుస్తకం ముయ్యండి. రెండూ ఉంచొచ్చు అంది కదా. స్కూటరు తియ్యండి."

లెక్చరరుగారి ఇల్లు భవానీపురంలోనే. పందిట్లో గాజులు, పసుపు, పిల్లల గోల. మేనేజరుగారు వాకిట్లోనే నిలబడి ఉన్నదున్నట్టు చెప్పారు. కంప్యూటరు పేరెత్తలేదు. సరోజినిగారి పేరూ, నా పేరూ ఎత్తలేదు. "మాట రెండుచోట్ల ఇచ్చానండీ" అన్నారంతే.

లెక్చరరుగారు మండిపడ్డారు. "ఒకే హాల్లో రెండు పెళ్లిళ్లా? ఇదేమన్నా సత్రమనుకున్నారా? మా వియ్యాలవారికి ఏం చెప్పమంటారు?"

"మీ ముహూర్తం ఎనిమిదింటికండీ. వాళ్లది రెండు దాటాక. వేదిక కడిగి మళ్లీ పూలు కట్టిస్తాను. మీ భోజనాలకి ఒక్క ఆకు తగ్గితే మీ గుమ్మం ముందు నిలబెట్టి అడగండి."

"మా చుట్టాలు ఎక్కడ పడుకుంటారండీ? రోడ్డు మీదా?"

"మా ఇంట్లో. మేం మేడ మీద పడుకుంటాం."

లెక్చరరుగారు ఇంకా ఏదో అనబోతుండగా లోపలి నుంచి ఆయన భార్య లక్ష్మీకాంతంగారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "రెండు దాటాకా ఆ పిల్లకి ముహూర్తం?" అన్నారు. "మనదీ అంతేగా. మీరు కునికిపాట్లు పడతంటే మా అన్నయ్య గిల్లి లేపాడు. తాళి కట్టేటప్పుడు కూడా ఆవులించారు."

"ఇప్పుడదెందుకే?"

"ఎందుకంటే, ఆ పిల్ల ఇవాళ పసుపు రాయించుకుని కూర్చుంది. రేపు హాలు లేదంటే ఏమైపోద్ది? మేనేజరుగారూ, వాళ్లని పదింటికల్లా రమ్మనండి. మాతోపాటే భోంచేస్తారు. మా అప్పగింతలకి నలుగురుంటే ఏడవడానికి బాగుంటది."

మేనేజరుగారు రెండు చేతులూ జోడించారు. దారిలో స్కూటరు వెనక కూర్చుని ఒక్క మాటే అన్నారు. "మీ పోస్టాఫీసు మంచిదేనండీ. మొదట సరిగా వినకపోయినా, అడగాల్సింది అడిగింది."

శనివారం రాత్రి ఒక పెళ్లివారు భోంచేస్తుంటే ఇంకో పెళ్లివారు లారీ దిగారు. మేనేజరుగారు అలవాటు కొద్దీ గుమ్మంలో నిలబడి చెప్పుల కుప్ప చూశారు. ఒకదానిమీదొకటి కొండలా ఉన్నాయి. వెళ్లేవాళ్లవెన్నో వచ్చేవాళ్లవెన్నో తెలియలేదు. జీవితంలో మొదటిసారి వంటశాల వైపు తిరిగి, "నాకు తెలీటం లేదు. అడిగినంత పెట్టండి" అన్నారు. ఆ రాత్రి చెప్పులన్నీ కలిసిపోయాయి. కొల్లేటి వైపు వెళ్లిన తోలు చెప్పులెన్నో! నేను ఎవరివో రబ్బరు చెప్పులు వేసుకుని ఇంటికెళ్లాను. రెండూ ఎడమకాలివే.

ఆ తర్వాత ఆయన ఒక పద్ధతి పెట్టారు. క్యాలెండరులో ఏ పెళ్లికీ ముహూర్తం గడియ ఎక్కించరు. హాలు ఊడ్చే సమయం ఎక్కిస్తారు. "హాలుకి ముహూర్తంతో పనేంటండీ? దానికి చీపురుతోనే మొదలు." ముహూర్తం, పక్కన తెల్లవారితే ఏ వారమో, కింద వేరే వరసలో. నేను పుస్తకం మొత్తం తిరగేసినా ఇంతకన్నా మంచి ఉపాయం దొరకలేదు. చిరిగిన పేజీల్లో ఉందేమో.

ఇంకొకటి కూడా మొదలుపెట్టారు. హాల్లో జరిగిన ప్రతి పెళ్లినీ ఏటేటా గుర్తుచేసేలా క్యాలెండరులో పెట్టుకుని, ఆ రోజు ఆ దంపతులకి ఫోను చేసేవారు. మొదటిసారి అలా ఎక్కిస్తుంటే కంప్యూటరు ముగింపు తేదీ అడిగింది. ఆయనకి నిజంగా కోపమొచ్చింది. "పెళ్లికి ముగింపు తేదీ ఏంటండీ? అపశకునం! లేదని కొట్టండి." కొట్టాను. ఆ రోజు నేను జరిపిందీ సరోజినిగారు జరిపిందీ రెండూ ఉంచడంతో సుభాషిణి పెళ్లి మాత్రం శనివారం, ఆదివారం రెండు తారీఖుల్లో ఉండిపోయింది. ఒకటి తీసెయ్యనా అని అడిగితే వద్దన్నారు. మొదటి తారీఖున ఫోను చేస్తే భర్త నాగేశ్వరరావు, "శుభలేఖలో ఇదే ఉందండీ" అని సంతోషిస్తాడట. రెండో తారీఖున చేస్తే, "తాళి పడింది ఇవాళే కదండీ" అని ఆ అమ్మాయి సంతోషిస్తుందట. "ఎవరి రోజు వాళ్లకి చేస్తన్నాను. రెండూ ఉంచండి."

ఆ సర్వరు తర్వాత వేరే సర్వరులోకి, ఆ క్యాలెండరు నా ఫోనులోకి మారుతూ వచ్చాయి. మనిషి పోయాడు. ముగింపు తేదీ లేనివి మిగిలాయి.

సభ జరిగిన మర్నాడు ఫోను మళ్లీ కూసింది. అదే పేరు, రెండో తారీఖు. చాలాసేపు చూసి, ఆ నంబరు కలిపాను. ఆ అమ్మాయే ఎత్తింది. ఎవరో చెప్పుకున్నాను.

"నిన్న మా ఆయనకి ఫోను రాలేదండీ. వస్తదా మరి? సభకే వచ్చాడు. వెనక వరసలో కూర్చున్నాడంట. మధ్యలో ఎవరిదో ఫోను మోగింది, ఏం మనుషులో అని తిట్టుకుంటా వచ్చాడు."

"అది నాదేనమ్మా. మీ ఆయన పెళ్లిరోజే మోగింది."

 అవతల ఫోను చేతితో మూసి, "ఏవండీ, నిన్న వచ్చిందంటండీ మీకు!" అని ఆమె కేకేయడం వినిపించింది.

నేనేం చెప్పాలో ఇన్ని పుస్తకాల్లో ఎక్కడా చదవలేదు. నోటికొచ్చింది చెప్పాను. "శుభం" అన్నాను.

ఈ రాతకు సాయపడినవారికి కృతజ్ఞతలు చెప్పుకోవాలి. తారీఖులన్నీ గుర్తుచేసి, నా గొప్పలు కొన్ని కొట్టేయించిన సరోజినిగారికి. ఆవులింత సంగతి రాయడానికి అనుమతించిన లక్ష్మీకాంతంగారికి, అనుమతించని లెక్చరరు శ్రీరామమూర్తిగారికి. క్యాలెండరు చరిత్రను ఓపికగా విన్న సుబ్బారావుగారికి. చింపిన అధ్యాయానికి నన్ను అనుమానించకుండా ఉన్న గ్రంథపాలకుడు ప్రసాదరావుగారికి. చివరగా నాగేశ్వరరావుకి మొదటి తారీఖున, సుభాషిణికి రెండో తారీఖున.